ఫైటర్ చేపను కప్పులో అమ్మడం ఆపండి: కర్నూలు, అనంతపురం, కడప ఆక్వేరియం షాపుల వారికి, అధికారులకు బహిరంగ లేఖ

ఆక్వేరియం షాపులు నడుపుతున్న అన్నలకు, మూడు ఊళ్ల నగరపాలక సంస్థలు, పశుసంవర్ధక శాఖ, మత్స్యశాఖ అధికారులకు, పిల్లల పుట్టినరోజులకు రిటర్న్ గిఫ్టులు వెతుక్కునే అమ్మానాన్నలకు నమస్కారం.

నేను కర్నూలులో ఉంటాను, ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఎనిమిది నెలల్లో మూడు అర్జీలు రాసి ఇచ్చాను, రెండు షాపుల్లో కూర్చుని మాట్లాడాను, ఎక్కడా పని ముందుకు కదల్లేదు. అందుకే ఇలా అందరికీ కలిపి రాస్తున్నాను. వేలెడంత చేప గురించి ఇంత పెద్ద లేఖ ఏంటి అనిపించొచ్చు. దయచేసి చివరిదాకా చదవండి.

నిరుడు మార్చిలో మా బాబు క్లాస్‌మేట్ పుట్టినరోజు. భోజనాలయ్యాక 22 మంది పిల్లలకు 22 ప్లాస్టిక్ కప్పులు ఇచ్చారు. జ్యూస్ షాపులో ఇచ్చే కప్పు లాంటిదే, పైన మూత, మూతకు రెండు చిల్లులు, లోపల నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు, ఆ నీళ్లలో ఒక ఫైటర్ చేప. పక్కన చిన్న మేత ప్యాకెట్. ఆ తల్లి మనసారా ఇచ్చింది, పిల్లలు ఇంకో ప్లాస్టిక్ బొమ్మ విరగ్గొట్టే బదులు ఒక ప్రాణిని చూసుకోవడం నేర్చుకుంటారని అంది. ఆమెను నేను ఒక్క మాట అనను, ఎందుకంటే షాపులో ఆమెకు చెప్పింది ఇంతే: "గిన్నెలో వేసి రోజుకు నాలుగు గింజలు వేయండి మేడం, ఇది గట్టి చేప, దీనికేమీ కాదు."

మేమూ అలాగే చేశాం. లీటరున్నర పట్టే గుండ్రటి గాజు గిన్నె కొన్నాం, అడుగున రంగు గోళీలు, ఒక ప్లాస్టిక్ తామర పువ్వు. టీవీ పక్కన పెట్టాం. ఆదివారం ఆదివారం నీళ్లన్నీ పారబోసి, గిన్నెను సబ్బుతో తోమి, కుళాయి నీళ్లు నింపేవాళ్లం. పదకొండో రోజుకో పన్నెండో రోజుకో తోక అంచులు కాలినట్టు నల్లబడ్డాయి, చేప అడుగున పక్కకు వాలి పడుకోవడం మొదలుపెట్టింది. అప్పటికి గానీ నాకు తట్టలేదు. ఆ నీళ్లు కొంచెం సీసాలో పోసుకుని ల్యాబ్‌కు తీసుకెళ్లి, అమ్మోనియా ఉంటే రంగు మారే నెస్లర్ రీఏజెంట్ వేస్తే వెంటనే పసుపు తిరిగి గోధుమ రంగుకు వచ్చింది. అమ్మోనియా. ఏళ్ల తరబడి బోర్డు మీద అమ్మోనియా గురించి రాస్తూనే ఉన్నాను, ఇంట్లో టీవీ పక్కన అది పేరుకుంటున్న సంగతి నాకు కనపడలేదు. కంగారులో ఇంటికొచ్చి నీళ్లన్నీ ఒక్కసారి మార్చేశాను, క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతోనే. అదీ తప్పే. రెండు రోజులకు చేప పోయింది.

మా బాబు ఏడుస్తూ అడిగిన మాట: "నేను బొరుగులు వేసినందుకేనా అమ్మా?"

ఆ నెలలోనే తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు అదే కబురు పెట్టారు. మే ఎండలు ముదిరేసరికి 22 చేపల్లో మిగిలినవి మూడు.

ఆ తర్వాత నేను చేపలు అమ్మిన చోటికి వెళ్లాను. షాపు పేరు ఇక్కడ రాయను, నా కోపం ఒక్క షాపు మీద కాదు. గోడకు అరలు, అరల్లో వరసగా కప్పులు, ప్రతి కప్పులో ఒక మగ ఫైటర్. పక్క కప్పులో ఉన్న చేప కనపడుతుంటే ప్రతిదీ మొప్పలు విప్పి, రెక్కలు చాచి పొద్దంతా పోట్లాటకు సిద్ధంగా ఉంటుంది. కొనడానికి వచ్చిన పిల్లలకు అది సరదాగా కనిపిస్తుంది, షాపు కుర్రాడు రెండు కప్పులు దగ్గరికి జరిపి "చూడండి, ఫైటింగ్" అని చూపిస్తున్నాడు. ఆ చేపకు మాత్రం అది ఊపిరి సలపని టెన్షన్. చిన్న ట్యాంకులో పెట్టి అమ్మొచ్చు కదా అని యజమానిని అడిగితే, ఆయన మర్యాదగానే మాట్లాడాడు, చెన్నై కొళత్తూరు నుంచి కవర్లలో వస్తాయని, వచ్చినవి వచ్చినట్టే కప్పుల్లోకి పోస్తామని, "ఫైటర్ కప్పులోనే బతుకుతుంది మేడం, గాలి పీల్చే చేప ఇది" అని అన్నాడు. అర్జీలు ఇచ్చిన ఆఫీసుల్లో ఒకచోట చేప తమ కిందికి రాదన్నారు, ఇంకోచోట రసీదు ఇచ్చి మళ్లీ పిలవలేదు, మూడోచోట "కుక్కలు, పశువుల కంప్లైంట్లే చూడలేకపోతున్నామమ్మా" అన్నారు. వాళ్ల పని భారం నాకు అర్థమవుతుంది. కానీ ఎవరి కిందికీ రాని ప్రాణిని ఎవరు చూడాలి?

"గాలి పీల్చే చేప" అన్న మాట దగ్గరే అసలు పొరపాటు ఉంది కాబట్టి ముందు అది చెబుతాను.

ఫైటర్ చేపకు మొప్పలతో పాటు తలలో లాబిరింత్ అనే ఇంకో అవయవం ఉంటుంది. నీటి పైకి వచ్చి నేరుగా గాలి తీసుకుంటుంది. మన కొర్రమీను కూడా పైకి వచ్చి గాలి పీలుస్తుంది, చేపల మార్కెట్లో తొట్టిలో కొద్ది నీళ్లలో గంటల తరబడి కొట్టుకుంటూ ఉండటం మనం చూసిందే. అంతమాత్రాన కొర్రమీనును జీవితాంతం చెంబులో పెంచొచ్చని ఎవరూ అనరు. గాలి పీల్చడం వల్ల ఆ చేప ఆక్సిజన్ తక్కువైన నీళ్లలో కూడా నిలబడుతుంది, అంతవరకే. అమ్మోనియాను ఆ అవయవం ఆపలేదు. చేప మొప్పల నుంచి, మలం నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది, లీటరు నీళ్లలో అది పోయే దారి లేదు. వేరే చేప అయితే ఆక్సిజన్ అందక ఒకటి రెండు రోజుల్లోనే పోయేది, ఫైటర్ మాత్రం గాలి పీల్చుకుంటూ రెండు మూడు వారాలు ఆ విషంలోనే ఉండి, చివరికి చచ్చిపోతుంది. అందుకే కొన్నవాళ్లకు షాపు మీద అనుమానం రాదు, తమ చేతి మీదే అనుమానం వస్తుంది.

ఇంకొందరు "అవి అడవిలో బురద గుంటల్లో బతికేవే కదా" అంటారు. ఈ చేప పుట్టిల్లు థాయ్‌లాండ్, చావో ఫ్రాయా నది ప్రాంతపు వరి మళ్లు, చిత్తడి నేలలు. ఆ దేశం 2019లో దీన్ని తన జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. వరి మడి అంటే ఏంటో మన కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కింద రైతులకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లు లోతుండవు, నిజమే, కానీ మడి ఎంత వెడల్పు? ఎంత గడ్డి, ఎన్ని పురుగులు, ఎంత నీడ? అడుగు లోతు లేని మడికీ, అడుగు వెడల్పు లేని కప్పుకూ పోలిక పెట్టడం న్యాయం కాదు.

దీనివల్ల మామూలు ఇళ్లలో ఏం జరుగుతోందో వరసగా రాస్తాను.

1. ముందు దెబ్బ పిల్లలకు. ఫైటర్ చేప సరిగ్గా చూసుకుంటే మామూలుగా రెండు నుంచి నాలుగేళ్లు బతుకుతుంది. పదేళ్ల పిల్లవాడి చేతికి ఇస్తే వాడు ఏడో తరగతికి వచ్చేదాకా తోడుండాలి. పదిహేను రోజుల్లో పోతే వాడికి మిగిలేది "నా చేతిలో పెడితే చచ్చిపోతుంది" అన్న భయం. మా గ్రూపులో ఒక పాప రెండు నెలలపాటు ఇంట్లో తులసి మొక్కకు నీళ్లు పోయనంది, అదీ చచ్చిపోతుందని. పెద్దవాళ్లం ఇంకో చేప తెచ్చిస్తాంలే అని తేలిగ్గా తీసిపారేస్తాం, కొత్త చేప వస్తుంది, అదే గిన్నె, అవే నీళ్లు, మళ్లీ అదే ఏడుపు.

2. డబ్బు. ఒక చేప నూరో నూటయాభయ్యో, గిన్నె రెండు వందలు, తోక కుళ్లితే నీలం మందు, తెల్ల మచ్చలు వస్తే పచ్చ మందు, ఏదీ పని చేయకపోతే ఇంకో చేప. ఏడాదిలో ఇలా నాలుగైదు చేపలు కొన్న ఇళ్లు నాకు తెలుసు. రోజు కూలి మీద బతికే ఇంట్లో కూడా పిల్ల మారాం చేస్తే కొనిస్తారు. తోక కుళ్లడానికి చాలాసార్లు అసలు మందు శుభ్రమైన గోరువెచ్చటి నీళ్లే, ఆ మాట చెప్పకుండా సీసా చేతిలో పెట్టడం తప్పు. కొన్నిచోట్ల పేరు, మోతాదు రాయని యాంటీబయాటిక్ పొడి పొట్లాలు కూడా ఇస్తున్నారు, అది చివరికి పోయేది ఇంటి ముందు కాలువలోకే.

3. మన నీళ్ల సంగతి. దీని గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే చెన్నైలోనో హైదరాబాదులోనో పనికొచ్చే సలహా ఇక్కడ పనికిరాదు. కర్నూలు కుళాయిల్లో సుంకేసుల బ్యారేజీ నుంచి వచ్చే నీళ్లు క్లోరిన్ కలిపి వస్తాయి, మనుషులకు అది కావాలి, చేప మొప్పలకు అది మంట. తీసేయడం కష్టం కాదు. వెడల్పాటి బకెట్లో ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది, లేదా షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మేది కొంచెం వేస్తే నిమిషాల్లో పోతుంది. అందులో సాధారణంగా ఉండేది మా ల్యాబుల్లో హైపో అని పిలిచే సోడియం థయోసల్ఫేటే, ఖరీదు చాలా తక్కువ. ఇక అనంతపురంలో, కడపలో బోరు నీళ్లు వాడే ఇళ్లు ఎక్కువ, గీజర్లో తెల్లగా పొర కట్టే గట్టి నీళ్లు, అంటే లవణాలు ఎక్కువున్న నీళ్లు. ఫైటర్ కొంత గట్టి నీళ్లను తట్టుకుంటుంది, కానీ గట్టి నీళ్లకు సాధారణంగా పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) ఎక్కువ, పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే వాటా దాదాపు పది రెట్లవుతుంది. వేడి పెరిగితే ఆ వాటా ఇంకా పెరుగుతుంది. అంటే మే నెలలో అనంతపురంలో బోరు నీళ్లు పోసిన గిన్నెలో చేప, అదే గిన్నెలో వేరే ఊళ్లో ఉన్న చేపకంటే త్వరగా పోతుంది. కొందరు ఇదంతా ఎందుకని మినరల్ వాటర్ క్యాన్ నీళ్లే పోస్తున్నారు. ఆర్వో నీళ్లలో లవణాలు బాగా తగ్గిపోతాయి, పీహెచ్ నిలబడదు, అవి ఒక్కటే పోయకూడదు, కుళాయి నీళ్లతో కలిపి పోయాలి.

4. మన ఎండ, మన చలి. ఈ చేపకు 24 నుంచి 28 డిగ్రీల నీళ్లు కావాలి. మా ఇంట్లో గిన్నెలో థర్మామీటర్ పెట్టి చూస్తే మే మధ్యాహ్నం 34, జనవరి తెల్లవారుజామున 19. చిన్న గిన్నె కాబట్టి పగటికీ రాత్రికీ మధ్య కూడా చాలా తేడా వస్తుంది, నీళ్లు ఎక్కువుంటే అంత తొందరగా వేడెక్కవు, చల్లారవు. చలికి చేప కదలకుండా పడుకుంటే "నిద్రపోతోంది" అనుకుని వదిలేసిన ఇళ్లున్నాయి. రాయలసీమ ఎండలో హీటర్ ఎందుకని షాపుల వాళ్లు నవ్వుతారు, కానీ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అది కావాల్సిందే.

5. నీళ్లలోకి వదిలేయడం. విసుగొచ్చినవాళ్లు చేపను హంద్రీలోనో కాలువలోనో దేవుడి గుడి కోనేట్లోనో వదిలేస్తారు, పుణ్యం అనుకుంటారు. ఆక్వేరియంలో గాజు శుభ్రం చేస్తుందని అమ్మిన సక్కర్ చేపలు ఇప్పుడు కృష్ణా నీళ్లలో పెరిగి జాలర్ల వలలు చింపుతున్నాయి. వల చిరిగితే పోయేది ఆ రోజు కూలి. చేపలు పట్టి బతికేవాళ్లు చేయని తప్పుకు ఎందుకు నష్టపోవాలి?

ఇప్పుడు సరైన ఇల్లు ఎలా ఉండాలో చెబుతాను, ఎందుకంటే ఇది కష్టమనీ, డబ్బున్నవాళ్ల పని అనీ ఒక అపోహ ఉంది.

మన ఇళ్లకు వచ్చే మినరల్ వాటర్ క్యాన్‌లో 20 లీటర్లు పడతాయి. ఒక్క ఫైటర్‌కు కావాల్సింది అన్ని నీళ్లు. నిలువుగా ఉండే జాడీ వద్దు, అడ్డంగా పొడవుగా ఉండే ట్యాంకు కావాలి, ఎందుకంటే చేప మాటిమాటికీ పైకి రావాలి, లోతు ఎక్కువైతే పెద్ద రెక్కల మగ చేప అలసిపోతుంది. పైన మూత తప్పనిసరి, ఇది ఎగిరి బయట పడుతుంది, కానీ నీటికీ మూతకూ మధ్య గాలి ఉండాలి. నీళ్లు మెల్లగా కదిలే స్పాంజ్ ఫిల్టర్ చాలు, జోరుగా నీళ్లు చిమ్మే మోటార్ పెడితే ఆ రెక్కలతో ఈదలేక మూలన దాక్కుంటుంది. ఒక ట్యాంకులో ఒక్క ఫైటరే, రెండు మగవి అసలే కుదరదు, ఆడదాన్ని జతగా వేస్తే అదీ దెబ్బలు తిని పోతుంది. రెక్కలు చిరగని మెత్తటి మొక్కలు, దాక్కోవడానికి ఒక చోటు, ఎండ నేరుగా పడని గోడ పక్క. ప్లాస్టిక్ మొక్క మీద పాత చీర ముక్క లాగి చూడండి, దారం పోగు లేస్తే రెక్క కూడా చిరుగుతుంది.

స్పాంజ్ ఫిల్టర్ అసలు పని చెత్త తీయడం కాదు. దాంట్లో బ్యాక్టీరియా గూడు కట్టుకుని అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మన బైపీసీ పిల్లలు నత్రజని వలయం, నైట్రోసోమోనాస్ అని పరీక్షకు బట్టీ పట్టేది ఇదే. కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో చేప ఉంటే నీళ్లు రోజు విడిచి రోజు కొంత మార్చాలి. తర్వాత వారానికి పావు వంతు మారిస్తే చాలు. నీళ్లన్నీ ఒక్కసారి పారబోయకూడదు, సబ్బు దగ్గరికే రానీయకూడదు, స్పాంజ్‌ను కుళాయి కింద కాకుండా ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. మా ఇంట్లో మేము ఇవన్నీ తప్పుగానే చేశాం. కరెంటు పోతే ఫైటర్‌కు వెంటనే ప్రమాదం లేదు, అది గాలి పీల్చుకుంటుంది, గంటల తరబడి రాకపోతే మాత్రం నీళ్లు కొంచెం మార్చండి.

మేత విషయంలో బొరుగులు, అన్నం మెతుకులు, బ్రెడ్ ముక్కలు వద్దు. ఇది పురుగులు తినే చేప. దాని కడుపు సుమారు దాని కంటి గుడ్డంత ఉంటుందని గుర్తుపెట్టుకోండి, పూటకు రెండు మూడు గింజలు, రోజుకు రెండు పూటలు, వారానికి ఒక రోజు ఉపవాసం. పూల కుండీలో మొక్క వేర్లు తిని బతుకుతుందని అమ్మేది కూడా అబద్ధం. నీటి మీద నురగ బుడగలు కట్టింది కాబట్టి సంతోషంగా ఉందని చెప్పేవాళ్లు ఉన్నారు. అది గుడ్ల కోసం మగ చేప కట్టే గూడు, సహజంగా చేసే పని, ఇరుకు గిన్నెలో కూడా కడుతుంది. దాన్ని చూసి నీళ్లు బాగున్నాయని అనుకోవద్దు.

నాకు రెండో చేప కోసం అయిన ఖర్చు చెబుతాను. మూతతో సహా గాజు ట్యాంకు 800, స్పాంజ్ ఫిల్టర్, గాలి మోటార్ కలిపి 350, 50 వాట్ల హీటర్ 450, ఇసుక, మొక్కలు 200. మొత్తం 1,800 రూపాయలు. హీటర్ చలికాలంలో రోజుకు సగం సేపు తిరిగినా అర యూనిట్ కంటే కొంచెం ఎక్కువ. మే నెలలో ట్యాంకును కింది గదిలో నేల దగ్గర పెట్టి, మూత జాలీది వేసి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతోంది, ఐసు ముక్కలు వేయాల్సిన పని లేదు, వేయకూడదు కూడా. ఎర్ర రంగు చేప, పేరు మా బాబే పెట్టాడు. ఏడాది దాటింది.

ఇక చట్టం. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. ఆ చట్టంలో జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్న ఏదైనా. అంటే చేప కూడా. సెక్షన్ 11 ప్రకారం కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరంలో గానీ పాత్రలో గానీ జంతువును ఉంచడం నేరం, వినోదం కోసం జంతువును పోట్లాటకు ఉసిగొల్పడమూ నేరం. మొదటిసారి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు, దశాబ్దాలుగా అదే అంకె. 2017లో కేంద్రం ఆక్వేరియం షాపుల కోసం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చి, వ్యాపారుల నుంచి అభ్యంతరాలు రావడంతో తర్వాత వెనక్కి తీసుకుంది. ఆ నిబంధనల్లో వ్యాపారులకు ఇబ్బందిగా ఉన్నవి ఉండొచ్చు, కాదనను. కానీ అవి పోయాక ఆ స్థానంలో ఏమీ రాలేదు, సెక్షన్ 11 మాత్రం అలాగే ఉంది.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి.

1. షాపుల అన్నలకు: అమ్మకానికి పెట్టిన ఫైటర్‌ను కప్పులో రోజుల తరబడి ఉంచకండి. పొడవాటి ట్యాంకును, పక్క చేప కనపడకుండా చేసే అడ్డాలతో గదులుగా చేసి, ఒకే స్పాంజ్ ఫిల్టర్‌తో పది చేపలను ఉంచొచ్చు, నీళ్లు మార్చే పని కూడా మీ కుర్రాళ్లకు తగ్గుతుంది. కప్పు ఇంటికి తీసుకెళ్లేదాకా మాత్రమే. చేపతో పాటు ఒక్క కాగితం ఇవ్వండి: 20 లీటర్లు, మూత, క్లోరిన్ తీసిన నీళ్లు, 24 నుంచి 28 డిగ్రీలు, ఒంటరిగా, వారానికి పావు వంతు నీళ్లు. అంతే, తెలుగులో ఆరు లైన్లు. కాగితం నేను టైపు చేసి ఉచితంగా ఇస్తాను, ప్రింటు ఖర్చు కూడా మొదటి వెయ్యి కాగితాలకు నాదే. మీ అద్దెలు, మీ కరెంటు బిల్లులు, దారిలో చచ్చిపోయే చేపల నష్టం నాకు తెలియనివి కావు. కానీ పదిహేను రోజుల్లో చేప పోయినవాళ్లలో చాలామంది మళ్లీ మీ షాపు మెట్లెక్కరు, మూడేళ్లు చేప పెంచినవాళ్లు మేతకూ, మొక్కలకూ, రెండో ట్యాంకుకూ మీ దగ్గరికే వస్తారు.

2. లీటరు, రెండు లీటర్ల గిన్నెలను "ఫైటర్ బౌల్" అని పేరు పెట్టి అమ్మడం మానేయండి. గిన్నె అమ్ముకోండి, పూలు పెట్టుకుంటారు.

3. నగరపాలక సంస్థలకు: ఆక్వేరియం షాపుకు ట్రేడ్ లైసెన్స్ ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు ఒక్క షరతు చేర్చండి. చేపను ఏ పాత్రలో ఉంచారో, కొన్నవారికి పెంపకం కాగితం ఇస్తున్నారో లేదో చూడండి. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న సెక్షన్ 11 చాలు.

4. పశుసంవర్ధక శాఖకు: 2001 నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో జంతు క్రూరత్వ నివారణ సంఘం ఉండాలి. మన మూడు జిల్లాల్లో అది ఎప్పుడు సమావేశమవుతుందో, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో ఒక ఫోన్ నంబరుతో సహా బోర్డు పెట్టండి. చేప గురించి ఫిర్యాదు వస్తే "మా కిందికి రాదు" అని పంపేయకుండా, ఎవరి కిందికి వస్తుందో రాతపూర్వకంగా చెప్పండి. ఒక పశువైద్యుడికైనా చేపల జబ్బుల మీద రెండు రోజుల శిక్షణ ఇప్పించండి.

5. మత్స్యశాఖకు: 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద రంగు చేపల యూనిట్లకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ పెట్టారు. ఆ డబ్బుతో మన జిల్లాల్లోనే ఆడవాళ్లు ఫైటర్లను పెంచి అమ్మగలిగితే మంచిదే, నాకు సంతోషమే. కానీ ఆ శిక్షణలో పెంపకంతో పాటు అమ్మే పద్ధతి, కొనేవారికి చెప్పాల్సిన మాటలు కూడా నేర్పండి. కాలువల్లో, చెరువుల్లో ఆక్వేరియం చేపలు వదలొద్దని సుంకేసుల దగ్గరా, కేసీ కెనాల్ గట్ల మీదా బోర్డులు పెట్టండి.

6. ఫంక్షన్ హాళ్లు, ఈవెంట్ల వాళ్లకు, తల్లిదండ్రులకు: టేబుల్ మధ్యలో బతికున్న చేపతో గాజు గిన్నె పెట్టకండి, లైట్ల వేడికీ, డీజే మోతకూ అది తట్టుకోలేదు, ఫంక్షన్ అయ్యాక దాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు. బతికున్న ప్రాణిని రిటర్న్ గిఫ్టుగా ఇవ్వకండి. చేప ఇవ్వాలని నిజంగా ఉంటే అవతలి ఇంట్లో అడిగి, ట్యాంకు సిద్ధమైన నెల తర్వాత చేప ఇవ్వండి. పిల్లలకు విత్తనాల పొట్లం ఇచ్చినా సంతోషపడతారు.

ఇంట్లో ఇప్పటికే గిన్నెలో ఫైటర్ ఉన్నవాళ్లు ఈ లేఖ చదివి భయపడి నీళ్లన్నీ పారబోయకండి. ఈ రోజు పావు వంతు, క్లోరిన్ పోయిన నీళ్లతో, గిన్నెలో నీళ్లు ఎంత వెచ్చగా ఉంటే కొత్త నీళ్లూ అంతే వెచ్చగా చూసుకుని మార్చండి. ఎల్లుండి మళ్లీ పావు వంతు. పెద్ద ట్యాంకు ఈ నెల కొనలేకపోతే ఇంట్లో ఉన్న 20 లీటర్ల ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ డబ్బా, సబ్బు తగలనిది, మూతకు చిల్లులు పెట్టి వాడండి. అందంగా ఉండదు, చేపకు మాత్రం చాలు.

ఈ లేఖ ప్రతిని మూడు ఊళ్ల కార్యాలయాలకు పోస్టులో పంపుతున్నాను, నేను ఇచ్చిన మూడు అర్జీల రసీదుల జెరాక్సులు జతచేశాను. నెల రోజుల్లో రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాను. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద, ఆక్వేరియం షాపుల తనిఖీ ఏ శాఖ బాధ్యత అన్న ఒక్క ప్రశ్న వేస్తాను. పెంపకం కాగితం కావాలన్న షాపు వాళ్లు అడిగిన రోజే తెచ్చిస్తాను, ట్యాంకు సర్దడంలో సాయం కావాలన్నా ఆదివారాలు వస్తాను, మా బాబు కూడా వస్తానంటున్నాడు.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక కెమిస్ట్రీ లెక్చరర్, ఒక అమ్మ